అవ్వ గిన్నెలో తెల్ల చుక్కలు

ఉగాదికి ముందు వారం మా అవ్వ ఇత్తడి సామానుకంతా కళాయి వేయించింది. రెండు గిన్నెలు, ఒక తపేలా, ఒక గరిటె. పాకాల దగ్గర మా ఊళ్లో ఇప్పుడు కళాయి వేసేవాళ్లు ఎవరూ లేరు. తిరుపతి నుంచి ఒకాయన మోపెడ్ మీద బొగ్గుల మూట, గాలి కొట్టే చిన్న ఫ్యాను, తగరం కడ్డీలు వేసుకొని ఏడాదికోసారి వస్తాడు. వేపచెట్టు కింద గుంట తవ్వి, నిప్పు రాజేసి, మధ్యాహ్నానికల్లా వీధి వీధి గిన్నెలన్నీ అద్దాల్లా చేసి పోతాడు. పండగకి ఊరెళ్లినప్పుడు ఆ గిన్నెలో నా మొహం నాకే కనిపించింది. అందులో కాచిన చారు రెండు గ్లాసులు తాగి బెంగళూరు బస్సెక్కాను.

గొడవ తర్వాత మొదలైంది. మా అక్క కూతురికి పంతొమ్మిది నెలలు. అక్క ఉద్యోగం వల్ల పాప ఎక్కువగా అవ్వ దగ్గరే ఉంటుంది. రాగిసంగటి, పప్పు, చారు, అన్నీ ఆ గిన్నెలోవే. వంటపాత్రల్లో సీసం గురించి అక్క ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. వెంటనే స్టీలు గిన్నెలు కొని పంపించింది. అవ్వ వాటిని అటక మీద పెట్టేసింది.

'నేను డెబ్బై ఎనిమిదేండ్లుగా తింటావుండా. మీయమ్మ తినింది, మీరు తినిండారు. ఇప్పుడు పాపకి మాత్రం ఇసమా?' అని నాకు ఫోన్ చేసి అడిగింది. అటు అక్క, ఇటు అవ్వ. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని నేను. 'నువ్వు సదువుకున్నోడివి గదా, తేల్చు' అని ఇద్దరూ నా మీదే వేశారు.

తేల్చడం ఇంత దూరం పోతుందని అప్పుడు అనుకోలేదు.

బంగారం మిషన్ చెప్పింది సగమే

ఇత్తడి అంటే రాగి, జింక్ కలిపిన లోహం. దాంట్లో చింతపండు పులుసు కాస్తే పులుపు రాగిని కరిగించి కూరలోకి లాగుతుంది. ఆ చిలుము రుచి, కడుపులో వికారం పాతవాళ్లకి బాగా తెలుసు. అందుకే లోపలి వైపు తగరం పూత వేస్తారు. మన ఆహార భద్రతా నిబంధనల్లో కూడా సరైన కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు తిండికి పనికిరావనే ఉంది. కాబట్టి అవ్వ చేయించిన పని సరైనదే. అసలు ప్రశ్న వేరు. ఆ పూత తగరమేనా?

తగరం కిలో వేలల్లో ఉంటుంది, సీసం వందల్లో. రెండూ తెల్లగా, మెత్తగా, తొందరగా కరిగేవే. ఈ రెండింటినీ మనిషి మొదటి నుంచీ కలగాపులగం చేస్తూనే ఉన్నాడు. రోమన్లు సీసాన్ని నల్ల ప్లంబమ్ అనీ, తగరాన్ని తెల్ల ప్లంబమ్ అనీ పిలిచేవారు. మనకి పక్కనే ఉన్న తమిళంలోనూ అంతే. తగరం వెళ్ళీయం, సీసం కారీయం. చిత్తూరు వైపు చాలా ఇళ్లల్లో చారు కాచే ఈయ చెంబు ఉంటుంది కదా, అది వెళ్ళీయంతో చేసినదై ఉండాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే చారులోకి వచ్చేది వేరే.

మొదట నాకు తోచింది బంగారం షాపు. తిరుపతిలో నగల వీధుల్లో క్యారెట్ చూసే ఎక్స్‌రే మిషన్లు ఉంటాయి. నగని అందులో పెడితే నిమిషంలో బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని స్క్రీన్ మీద చూపిస్తుంది. తెలిసినాయన ఒకరి షాపుకి గిన్నె పట్టుకొని వెళ్లాను. ఆయన నవ్వి, 'సామీ, ఇది బంగారం మిషను. సంగటి గిన్నె పెట్టినోణ్ణి నిన్నే చూస్తావుండా' అన్నాడు. అంటూనే పెట్టాడు.

రాగి, జింక్, తగరం వచ్చాయి. కింద చిన్నగా సీసం కూడా వచ్చింది. గిన్నెని తిప్పి బయటివైపు పెట్టమన్నాను. అక్కడ కళాయి లేదు, వట్టి ఇత్తడే. అక్కడా సీసం!

పాత సామాను కరిగించి పోసిన ఇత్తడిలో కొంత సీసం ఉండటం మామూలే. కుళాయిల్లాంటి వాటిలోనైతే మిషన్ మీద తేలిగ్గా కోతకొస్తుందని కావాలనే కలుపుతారు. మరి లోపలివైపు కనిపించిన సీసం పూతలోదా, పూత కింద ఉన్న ఇత్తడిలోదా? ఎక్స్‌రే కిరణాలు పలుచని కళాయి గుండా దూరి కింద ఉన్న లోహాన్ని కూడా చదివేస్తాయి. రెండింటినీ కలిపి ఒకే లెక్కగా చూపిస్తాయి. పూత వేరు, కింద లోహం వేరు అని చూడాలంటే గిన్నెని అడ్డంగా కోసి, ఆ అంచుని చూడాలి. ఆ అంచులో కళాయి మందం మన వెంట్రుకలో ఐదారో వంతు ఉంటుందేమో.

గరిటె బలి

ఇంజినీరింగ్‌లో నాతో చదివినవాడు ఒకడు ఇప్పుడు లోహాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాళ్ల ల్యాబ్‌లో స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉంది. సంగటి గిన్నె కోసం మిషన్ టైమ్ ఇచ్చాడని తెలిస్తే గైడు ఏమంటాడో అని ల్యాబ్ పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు. 'గిన్నె తేవద్దు, మిషన్లో పట్టదు. గోరంత ముక్క కోసి తీసుకురా' అన్నాడు.

వాడుకలో ఉన్న గిన్నెని కోయలేం. మిగిలింది గరిటె. అదే రోజు, అదే కడ్డీతో కళాయి వేసినది. అడిగితే అవ్వ కాసేపు మాట్లాడలేదు. అది వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన గరిటె. కాడ మీద చుక్కలతో కొట్టిన పేరు అరిగిపోయి సగమే మిగిలింది. 'పాపకోసమంటే కోసుకో పో. పేరున్న తట్టు మాత్రం కొయ్యబాక' అంది. అటకమీద అడుగు చీలిపోయిన పాత గిన్నె ఒకటి ఉంటే దాన్నీ ఇచ్చింది. అమ్మ చిన్నప్పుడంతా అందులోనే వండేవారట. పదిహేనేళ్లుగా వాడటం లేదు. లోపలంతా నల్లటి మచ్చలు.

రెండు ముక్కలు కోసి, జిగురులాంటి రెజిన్‌లో నిలబెట్టి, గట్టిపడ్డాక ఎమెరీ కాగితాల మీద ఒకటి తర్వాత ఒకటి అరగదీయాలి. చివర్లో గుడ్డ మీద అద్దంలా మెరిసేదాకా పాలిష్ చెయ్యాలి. తగరం చాలా మెత్తన. కొంచెం గట్టిగా నొక్కితే అది వెన్నలా సాగి పక్కకి పూసుకుపోతుంది, ఉన్న మందం కంటే ఎక్కువ కనిపిస్తుంది. మొదటి ముక్క అలాగే పాడుచేశాను. నా ఫ్రెండ్ నా చేతిలోంచి లాక్కొని రెండోది తనే చేశాడు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఎందుకు కావాలో ఒక్క మాటలో చెప్తా. మామూలు మైక్రోస్కోప్ వెలుతురుతో చూస్తుంది. మన కంటికి కనిపించే వెలుతురు తరంగం పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. దానికంటే బాగా చిన్నవాటిని ఆ వెలుతురు విడదీసి చూపించలేదు. ఎలక్ట్రాన్ల తరంగం దానికంటే వేల రెట్లు చిన్నది. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ కలిసి ఎలక్ట్రాన్లని అయస్కాంతాలతో అద్దంలోంచి వెలుతురుని వంచినట్టు వంచి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తయారుచేశారు. రుస్కాకి నోబెల్ ఇచ్చింది 1986లో! యాభై ఐదేళ్లు ఆగాల్సి వచ్చింది పాపం.

కానీ మాకు కావలసింది చిన్నగా చూడటం కాదు, తేడా చూడటం. ఎలక్ట్రాన్లు లోహానికి తగిలి కొన్ని వెనక్కి ఎగిరి వస్తాయి. బరువైన అణువులున్న చోట ఎక్కువ వెనక్కి వస్తాయి, ఆ చోటు స్క్రీన్ మీద తెల్లగా కనిపిస్తుంది. రాగి అణు సంఖ్య 29, జింక్ 30, తగరం 50, సీసం 82. అంటే ఇత్తడి ముదురు బూడిద రంగులో, తగరం లేత రంగులో, సీసం తెల్లటి తెలుపులో రావాలి. రంగు వెయ్యకుండానే బొమ్మ దానంతటదే విడిపోతుంది. దాంతోపాటు తగిలిన చోట్నుంచి ఎక్స్‌రేలు కూడా వస్తాయి. ఏ మూలకం అయితే ఆ మూలకానికి ఒక గుర్తు శక్తి ఉంటుంది. వేలిముద్ర లాంటిది.

నల్ల గిన్నె ముందు

పాత గిన్నెతో మొదలుపెట్టాం. తెర మీద కింద బూడిద రంగు ఇత్తడి. పైన తెల్లని కళాయి పట్టీ ఉంటుందని చూస్తే ఎక్కడో గానీ లేదు. దాని బదులు మధ్య రకం బూడిద రంగులో, అంచంతా చిన్న చిన్న గుట్టల్లా ఒక పొర ఉంది. 'ఇదేంట్రా?' అన్నాను. 'కళాయే. ఇత్తడి తినేసింది' అన్నాడు.

ఇది నాకు నిజంగా కొత్త. కళాయి అంటే గోడకి సున్నం కొట్టినట్టు పైన అంటుకొని ఉంటుందనీ, గరిటెతో గీకితే, బూడిదతో తోమితే పోతుందనీ అనుకునేవాణ్ణి. కరిగిన తగరం రాగికి తగలగానే రెండూ కలిసి కొత్త పదార్థం పుడుతుంది. ఆరు రాగి అణువులకి ఐదు తగరం అణువుల లెక్కన. దాని కింద, రాగి ఎక్కువగా ఉండే ఇంకో రకం. పూత పట్టుకొని ఉండటానికి ఈ పొరే కారణం, అది లేకపోతే కళాయి రేకులా ఊడిపోతుంది. కానీ అది ఆగదు. పొయ్యి మీద పెట్టిన ప్రతిసారీ రాగి కొంచెం కొంచెంగా తగరంలోకి ఎక్కుతుంది, పొర పెరుగుతుంది, తగరం తరుగుతుంది. అంటే కళాయి పైనుంచే కాదు, అడుగునుంచి కూడా అరుగుతుందన్నమాట. ఏడాదికోసారి వేయించాలని పెద్దవాళ్లు పెట్టుకున్న లెక్క వెనక ఇదంతా ఉంది.

ఇక నల్లమచ్చలు. మచ్చ మీద ఎలక్ట్రాన్ కిరణాన్ని నిలబెట్టి ఎక్స్‌రే చదివించాం. తగరం, రాగి, ఆక్సిజన్ వచ్చాయి. వాటి మధ్యలో 2.3 దగ్గర ఒక శిఖరం లేచింది. కంప్యూటర్ దాని మీద రెండక్షరాల గుర్తు వేసింది. సీసం అని.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ గిన్నెలో తిని పెరిగింది మా అమ్మ. ఇంక అవ్వకి ఏం చెప్పాలి?

నా ఫ్రెండ్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. 'కంప్యూటర్ చెప్పిందల్లా నమ్మే సాఫ్ట్‌వేరోడివి నువ్వు' అన్నాడు. 2.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇద్దరు కూర్చుంటారు. సీసం శక్తి 2.34, గంధకం శక్తి 2.31. ఈ మిషన్ వాళ్లిద్దరినీ విడదీయలేదు. ముక్క మీద మామూలుగా వేసే బంగారు పూత వేసి ఉంటే, 2.12 దగ్గర బంగారం కూడా వచ్చి కూర్చుని ఇంకా గందరగోళం అయ్యేది. అందుకే వాడు ముందే కార్బన్ వేశాడు. మేం అప్పటిదాకా 10 కిలోవోల్టుల దగ్గర నడుపుతున్నాం. సీసానికి ఇంకా పైన 10.5 దగ్గర, 12.6 దగ్గర ఇంకో రెండు గుర్తులున్నాయి, గంధకానికి అక్కడ ఏమీ లేదు. అవి లేవాలంటే ఇంకా గట్టిగా కొట్టాలి. 25 కిలోవోల్టులకి పెంచాడు.

నిమిషం, రెండు నిమిషాలు. 10.5 దగ్గర గీత నేలకి అంటుకొని ఉంది. 12.6 దగ్గర కూడా.

సీసం కాదు. గంధకం. ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు, వీటన్నిట్లో గంధకం ఉంటుంది. తగరానికి అది తగిలితే నల్లటి సల్ఫైడ్ పొర పుడుతుంది. తగరం పూత పూసిన డబ్బాల్లో నిల్వ ఉంచే ఆహారానికి కూడా ఇదే మరక పడుతుందని ఆ పరిశ్రమ వాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. అవ్వ పాత గిన్నె మీద వేసిన కళాయి అచ్చమైన తగరం. చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉన్న గిన్నె, లోపల మాత్రం నిజాయితీగా ఉంది.

అప్పుడు గరిటె ముక్క పెట్టాం.

ఇది ఎంత అందంగా ఉందంటే, దాన్నే స్క్రీన్‌సేవర్‌గా పెట్టుకోవచ్చు. కింద ఇత్తడి, మధ్యలో సన్నటి గుట్టల పొర, పైన పన్నెండు మైక్రాన్ల మందాన కళాయి. ఆ కళాయి ఒకే రంగులో లేదు. లేత బూడిద రంగు మధ్య నక్షత్రాలు చల్లినట్టు తెల్లటి తెలుపు చుక్కలు. చుక్క మీద కిరణం నిలబెట్టాడు. 10.5 దగ్గర శిఖరం లేచింది. 12.6 దగ్గర కూడా లేచింది. ఈసారి వాదించడానికి ఏమీ లేదు.

పూత మొత్తం కలిపి లెక్క చూస్తే పది పాళ్లలో దాదాపు నాలుగు పాళ్లు సీసం, ఆరు పాళ్లు తగరం. ఆ అంకె చూడగానే నాకు కాలేజీ వాసన వచ్చింది. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. 60కి 40. ప్రతి సెమిస్టర్ ల్యాబ్‌లో సర్క్యూట్ బోర్డుల మీద మేం కరిగించింది ఇదే. సోల్డర్! అచ్చమైన తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఈ పాళ్లలో కలిపితే 190 లోపే కరిగిపోతుంది. బొగ్గు తక్కువ, పని తొందర, మెరుపు కూడా బాగా వస్తుంది. నా మొహం కనిపించింది ఆ మెరుపులోనే.

కొండ మీద పూత

ఆ రోజు సాయంత్రం ల్యాబ్ నుంచి బయటికొచ్చాక నా ఫ్రెండ్, నేనూ టీ తాగుతూ కూర్చున్నాం. కొండ మీద లైట్లు వెలిగాయి. మన వైపు లోహం మీద పూత అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆనంద నిలయమే కదా. కృష్ణదేవరాయలు 1517-18 ప్రాంతంలో ఆ విమానానికి బంగారు తాపడం చేయించాడు. 1958లో మళ్లీ కొత్తగా చేశారు. అక్కడ కూడా కథ ఇదే. కింద రాగి రేకు, పైన బంగారం. గాలిలోని ఆక్సిజన్ బంగారాన్ని ఏమీ చెయ్యలేదు కాబట్టి పలుచని పొర చాలు. ఆ పొరలో కంటికి కనిపించని రంధ్రం ఒకటున్నా వానా మంచూ కిందకి దిగి రాగిని పట్టుకుంటాయి. పూత ఎంత మంచిదన్నది దాని మెరుపుని బట్టి కాదు, దాని రంధ్రాలని బట్టి తెలుస్తుంది.

తిరుమల మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. అవి రాగి విగ్రహాలు. వాటికి ఏ కళాయీ లేదు. ఐదొందల ఏళ్ల గాలి, దీపాల పొగ, లక్షల చేతుల గాలి కలిసి వేసిన ముదురు పొరే వాటికి రక్షణ. 

పూత అన్ని చోట్లా మంచిదే అనుకోవద్దు. 2008లో ఆనంద నిలయం గోడలకి కూడా బంగారు రేకులు తొడగాలని 'అనంత స్వర్ణమయం' అనే పథకం మొదలైంది. ఆ గోడల మీద శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఒక్కొక్క అక్షరం చదివి అచ్చువేయించిన శాసనాలు. రేకులు బిగిస్తే అవి మరుగునపడతాయని, పాడవుతాయని అభ్యంతరాలొచ్చాయి, విషయం హైకోర్టుకెళ్లింది, కోర్టు ఆపేసింది. నా మటుకు నాకు అది మంచి తీర్పే. రాయలు బంగారం పోసిన సంగతి మనకి చెప్పేది కూడా ఆ రాళ్లే కదా.

ఇంకో ముచ్చట. పలుచని పొరల చదువు తిరుపతికి కొత్తేమీ కాదు. ఎస్వీ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో ప్రొఫెసర్ పి. జయరామరెడ్డి కాలం నుంచీ సౌర ఘటాల కోసం శూన్యంలో పొరలు వేసి, వాటిని పరీక్షించే పని సాగుతోంది. కింద ఊళ్లో ఒక పక్క మైక్రాన్ కంటే పలుచని పొరల మీద పరిశోధన, ఇంకో పక్క వేపచెట్టు కింద దూది ముద్దతో పన్నెండు మైక్రాన్ల పొర. ఈ ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోరు.

అక్క పంపిన స్టీలు గిన్నె సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అక్క ఊరుకోదు. స్టీలుకి పూత లేదనుకుంటాం. ఉంది. స్టీల్లో ఉన్న క్రోమియం గాలి తగలగానే తనకి తానే ఒక ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లు. మేం వాడిన మిషన్‌కి అది కనిపించనే కనిపించదు, దాని కిరణం మైక్రాన్ దాకా లోపలికి దిగిపోతుంది. ఆ పొరని చూడాలంటే ముక్కని వంద నానోమీటర్ల కంటే పలుచగా చెక్కి, ఎలక్ట్రాన్లు ఆరపార పోయే ఇంకో రకం మైక్రోస్కోప్‌లో పెట్టాలి. గరిటెతో గీరితే ఆ పొర పోతుంది, మళ్లీ వెంటనే వచ్చేస్తుంది. కళాయికి ఆ విద్య లేదు. అందుకే దానికి మనిషి కావాలి.

పాప రక్తం

మర్నాడు పొద్దున్నే అక్కకి చెప్పాను. ఆ రోజే పాపని చిత్తూరులో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. రక్తంలో సీసం పరీక్ష అక్కడ చెయ్యరు, శాంపిల్ బయటికి పంపాలి. రిపోర్ట్ రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ అవ్వ వంటింట్లోకి పోలేదట, అమ్మ చెప్పింది.

డెసిలీటరుకి 4.1 మైక్రోగ్రాములు. సీసానికి ఇంతవరకు క్షేమం అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 5 దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని చెప్తుంది. అమెరికా వాళ్లయితే 2021 నుంచి 3.5 దగ్గరే జాగ్రత్తపడమంటున్నారు. మా పాప ఆ రెండింటి మధ్యలో ఉంది. చిన్నపిల్లల ఒంటికి సీసం పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువగా పడుతుంది. దెబ్బ తినేది ఎదుగుతున్న మెదడు, బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. 2020లో యునిసెఫ్ వేసిన లెక్క ప్రకారం మన దేశంలో 5 దాటిన పిల్లలు సుమారు 27.5 కోట్లు. ఆ అంకె చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు.

'ఇది గిన్నె వల్లేనని నేను రాసివ్వలేను. పాత పెయింటు, బొమ్మలు, కల్తీ పసుపు, ఏదైనా కావచ్చు. గిన్నె మాత్రం ఇవ్వాళ్టినుంచి వద్దు' అన్నారు డాక్టరు. ఐరన్, కాల్షియం బాగా అందేలా తిండి పెట్టమన్నారు. అవి తక్కువైతే ఒళ్లు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుందట. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. అది వచ్చే నెల.

అవ్వని కూడా చేయించుకోమన్నాం. 'నాకు సూదేల? తిన్నదంతా తినేసినాను' అంది. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

కళాయి ఆయన

ఆయన్ని వెతకడానికి రెండు ఆదివారాలు పట్టింది. తిరుపతిలో ఒక సందు చివర, పెంకుటింటి ముందు హోటల్ తపేలాలు తోముతూ కనిపించాడు. అరవై దాటి ఉంటాయి. పోట్లాడాలనే పోయాను, దాచడమెందుకు. ఫోన్లో తెల్ల చుక్కల ఫొటో చూపించి, ఇదీ సంగతి అని చెప్పాను.

ఆయన ఫొటో చూడలేదు. లోపలికి పోయి కడ్డీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'ఇదే సామీ. కళాయి అని అడిగి కొన్నా, కళాయి అనే ఇచ్చినాడు. ముందర ముద్దలుగా వొచ్చేది, అది ఇప్పుడు శానా రేటు. ఇది బాగా పారతా ఉంది, మంచి సరుకే అనుకుంటి' అన్నాడు. కడ్డీ ఒక మూల కోసిచ్చాడు. తర్వాత దాన్ని చూస్తే, గరిటె మీద ఉన్న పాళ్లే.

నేను పనిచేసే తీరు చూపించమని అడిగాను. తపేలాని చింతపండు, ఇసుకతో తోమాడు. నిప్పుల మీద తిప్పుతూ కాల్చాడు. నవాసారం పొడి చల్లగానే గుప్పుమని తెల్లటి పొగ లేచింది. ఆ వేడికి నవాసారం విడిపోయి అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరవుతాయి. ఆ ఆమ్లమే ఇత్తడి మీది చిలుము పొరని ఒక్క క్షణంలో తినేస్తుంది. కింద అచ్చమైన లోహం బయటపడే ఆ క్షణంలోనే కడ్డీ తాకించి, దూదితో చుట్టూ రుద్దాలి. ఆలస్యమైతే గాలి తగిలి మళ్లీ చిలుము పొర వచ్చేస్తుంది, తగరం ముత్యాల్లా జారిపోతుంది, పట్టదు. నలభై ఏళ్లుగా ఆయన చేత్తో పట్టుకుంటున్నది ఆ ఒక్క క్షణాన్నే.

పొగలో ఆయన మొహం పూర్తిగా మునిగిపోయింది. మూతికి గుడ్డ కూడా లేదు.

'మీ ఇంట్లో గిన్నెలకీ ఇదేనా?' అని అడిగాను. సమాధానం చెప్పలేదు. లోపల ఎవరో చిన్నపిల్లాడు ఏడుస్తున్నాడు. ఆయన అటు చూసి, చేతిలో ఉన్న దూదిని నీళ్లల్లో పడేశాడు.

పోట్లాట అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత మాట్లాడుకున్నదంతా మంచి తగరం ఎక్కడ దొరుకుతుందనే. చెన్నై నుంచి లోహం పాళ్లు రాసిన సర్టిఫికెట్‌తో కిలో కడ్డీలు తెప్పించాం. మొదటిసారి డబ్బు మా అక్క ఇచ్చింది. రేటు పెరుగుతుంది కదా, ఊళ్లల్లో ఇస్తారా అని ఆయన భయం. నిజమే, ఇస్తారో లేదో నాకూ తెలీదు. సీసం పడిన గిన్నెల పూతని మాత్రం ఇంటి దగ్గర గీకద్దని, ఆ పొడి ఇంకా ప్రమాదమని, వంటకి వాడకుండా పక్కన పెట్టమని మా వీధిలో అందరికీ చెప్పాం. కొందరు విన్నారు. కొందరు 'మీ పాపకి బాగలేదంట గదా' అని మమ్మల్నే ఓదార్చి పంపారు.

కొత్త కడ్డీలు ఇచ్చిన రోజు ఆయన ఒకటి తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా వంచాడు. 'మా నాయన ఇట్ల జూసేవోడు. నేనే మర్చిపోయినా' అంటూ నా చెవి దగ్గర పెట్టి ఇంకోసారి వంచాడు. కిర్రుమంది. ఎండిన ఆకు నలిగినట్టు, సన్నగా. తగరం స్ఫటికాలు వంగినప్పుడు లోపల ఒక్కసారిగా పక్కకి తిరిగిపోతాయి, ఆ శబ్దం అది. దీన్ని తగరం ఏడుపు అంటారని తర్వాత చదివాను. సీసం కలిసేకొద్దీ ఏడుపు తగ్గిపోతుంది. కొంచెం సీసం కలిపితే చెవికి తెలియకపోవచ్చు కాబట్టి ఇది మిషన్‌తో సమానం కాదు. అయినా పాత కడ్డీ ముక్క తెచ్చి అదీ వంచమన్నాను.

వంచాడు. మెత్తగా వంగింది. ఏ శబ్దమూ రాలేదు.